ల్యాన్ కేబుల్, వైఫై: ఒకే కంప్యూటర్‌లో రెండూ ఒకేసారి పనిచేయాలంటే ఏం చేయాలి?

"కేబుల్ పెడితే ఇంటర్నెట్ పోతోంది. కేబుల్ తీస్తే ఇంటర్నెట్ వస్తోంది గానీ బిల్లింగ్ సర్వర్ తెరుచుకోదు, ప్రింటర్ పలకదు. రెండూ ఒకేసారి రావా?" చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. వస్తాయి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనక్కర్లేదు, విండోస్‌లో ఉన్న సెట్టింగులే చాలు. పావుగంట పని.

ఉదాహరణకు ఒక చిన్న ఆఫీసు అనుకోండి. టేబుళ్ల కింద ఒక స్విచ్ ఉంది. దానికి ట్యాలీ ఉన్న సర్వర్, ప్రింటర్, సీసీటీవీ ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డర్) కేబుళ్లతో కలిసి ఉన్నాయి. ఆ కేబుల్ నెట్‌వర్క్‌లో (ల్యాన్‌లో) ఇంటర్నెట్ లేదు. జీఎస్టీ పోర్టల్‌కీ మెయిల్‌కీ ఇంటర్నెట్ మాత్రం వైఫై నుంచో ఫోన్ హాట్‌స్పాట్ నుంచో రావాలి. మీ పరిస్థితి కాస్త వేరైనా అంకెలు మార్చుకుంటే ఇవే స్టెప్పులు సరిపోతాయి. స్క్రీన్ల పేర్లు విండోస్ 10, 11 ప్రకారం ఇచ్చాం.

కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. 'రూట్' అని ఉన్నచోట దారి అనే అర్థం వచ్చే స్పెల్లింగ్ (ఆర్, ఓ, యూ, టీ, ఈ) కొట్టండి. చెట్టు వేరు అనే రూట్ కాదు.

అసలు ఎందుకిలా అవుతుంది?

థియరీ ఇంతే. ఊళ్లోనే ఉన్న ఇంటికి నేరుగా నడిచి వెళ్తాం, పక్క ఊరికి వెళ్లాలంటే బస్టాండుకి పోతాం. కంప్యూటరూ అంతే. తన నెట్‌వర్క్‌లోనే ఉన్న సర్వర్‌కి ప్యాకెట్ (డేటా ముక్క) నేరుగా పంపుతుంది. తక్కిన ప్రపంచానికి వెళ్లాల్సిన వాటిని 'డిఫాల్ట్ గేట్‌వే' అనే బస్టాండుకి పంపుతుంది. కేబుల్‌కీ వైఫైకీ రెండింటికీ గేట్‌వే ఉంటే రెండు బస్టాండ్లు ఉన్నట్టు. వాటిలో 'మెట్రిక్' అనే అంకె తక్కువున్న దాన్ని విండోస్ ఎంచుకుంటుంది. మామూలుగా ఆ తక్కువ అంకె కేబుల్‌దే. అటు బస్సులే లేవు, ఇంటర్నెట్ పోయిందని మనం అనుకుంటాం.

కాబట్టి చేయాల్సింది ఒక్కటే: బయటికి దారి వైఫై వైపు మాత్రమే ఉందని విండోస్‌కి చెప్పడం.

కావలసినవి

- అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. ఇది లేకుండా సెట్టింగులు మార్చలేరు.
- పనిచేస్తున్న కేబుల్, వైఫై. డెస్క్‌టాప్‌లో వైఫై లేకపోతే యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టండి. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపినా సరే. టెథరింగ్ మాత్రం జాబితాలో వైఫైలా కాక ఇంకో ఈథర్‌నెట్‌లా కనిపిస్తుంది, ఏది ఏదో గుర్తుపెట్టుకోండి.
- సర్వర్, ప్రింటర్, ఎన్‌వీఆర్‌ల ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అంకెల చిరునామాలు) ఒక కాగితం మీద.

ఇది కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ముందు ఐటీ వాళ్లని అడగండి. ఆఫీసు ఫైర్‌వాల్ లోపల ఉన్న మెషీన్‌కి పక్క నుంచి హాట్‌స్పాట్ తగిలిస్తే ఆ ఫైర్‌వాల్‌కి దొడ్డిదారి తెరిచినట్టే. చాలా కంపెనీల్లో ఇది నిషేధం. డొమైన్‌లో (కంపెనీ సర్వర్ అదుపులో) ఉన్న మెషీన్లలో పాలసీ పెట్టి దీన్ని ఆపేస్తారు కూడా.

స్టెప్పులు

1. ఇప్పుడున్న అంకెలు రాసుకోండి. కేబుల్, వైఫై రెండూ కలిపి ఉంచి, కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి 'ఐపీకాన్ఫిగ్' కొట్టండి. ఈథర్‌నెట్ కింద, వైఫై కింద ఉన్న ఐపీవీ4 అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది), డిఫాల్ట్ గేట్‌వే కాగితం మీదకి ఎక్కించండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి ఆధారం ఆ కాగితమే. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, హైపర్-వీ ఉన్న మెషీన్లలో ఇంకో నాలుగైదు అడాప్టర్లు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. ఈథర్‌నెట్ కింద 169.254 తో మొదలయ్యే అడ్రస్ ఉంటే ఆ నెట్‌వర్క్‌లో ఐపీలు పంచే రూటర్ లేదన్నమాట. వట్టి స్విచ్ ఉన్నచోట ఇది మామూలే. అప్పుడు 3వ స్టెప్పులో ఐపీని చేత్తో ఇవ్వక తప్పదు.

2. రెండు వైపులా ఒకే శ్రేణి ఉందేమో చూడండి. ఎక్కువమంది ఇక్కడే బోల్తాపడతారు, కాబట్టి కాస్త నిదానించండి. మాస్క్ 255.255.255.0 అయితే ఐపీలో మొదటి మూడు అంకెలు పోల్చాలి. ఈథర్‌నెట్ 192.168.1.25, వైఫై 192.168.1.103 అయితే రెండూ ఒకే శ్రేణి. ఇలా ఉంటే కింది స్టెప్పులు ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. 192.168.1.5లో ఉన్న సర్వర్ కేబుల్ వైపు ఉందో వైఫై వైపు ఉందో విండోస్‌కి తెలిసే మార్గం లేదు. మెట్రిక్ తక్కువున్న వైపు వెతికి, దొరక్కపోతే చేతులెత్తేస్తుంది. వైఫై ఆపగానే సర్వర్ తెరుచుకుంటుంటే జబ్బు ఇదేనని అనుమానించండి.

మార్చాల్సి వస్తే వైఫై వైపే మార్చండి. పది మెషీన్లున్న ల్యాన్‌ని కదిలించడం కంటే ఒక రూటర్‌లో మార్చడం సుఖం. బ్రౌజర్‌లో రూటర్ పేజీ తెరిచి ల్యాన్ సెట్టింగ్స్‌లో రూటర్ ఐపీని 192.168.1.1 నుంచి 192.168.77.1 లాంటి దానికి మార్చి సేవ్ చేయండి. రూటర్ రీస్టార్ట్ అయ్యాక పేజీ కొత్త అడ్రస్‌లోనే తెరుచుకుంటుంది. పాత అడ్రస్ కొడుతూ రూటర్ పాడైందని కంగారుపడకండి. ఆ వైఫైలో చేతితో ఐపీ ఇచ్చిన కెమెరా, ప్రింటర్ ఏమైనా ఉంటే వాటినీ కొత్త శ్రేణిలోకి మార్చాలి.

జియోఫైబర్ రూటర్లు మామూలుగా 192.168.29 శ్రేణి ఇస్తాయి, ఐఫోన్ హాట్‌స్పాట్ 172.20.10 ఇస్తుంది. ఈ రెండిటితో గొడవ అరుదు. హిక్‌విజన్ కెమెరాల ఫ్యాక్టరీ ఐపీ 192.168.1.64, దహువా వాటిది 192.168.1.108. అందుకే సీసీటీవీ ఉన్నచోట ల్యాన్ ఎక్కువగా 192.168.1 శ్రేణిలోనే ఉంటుంది. ఎన్నో రూటర్లదీ అదే శ్రేణి కావడంతో రెండూ ఢీకొంటాయి.

3. కేబుల్ వైపు గేట్‌వే తీసేయండి. కేబుల్ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేకపోతే ఈ పద్ధతే సరైనది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'ఎన్‌సీపీఏ.సీపీఎల్' కొట్టండి. పాత నెట్‌వర్క్ కనెక్షన్స్ విండో వస్తుంది. ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, 'ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4' మీద డబుల్ క్లిక్. 'యూజ్ ద ఫాలోయింగ్ ఐపీ అడ్రస్' ఎంచుకుని ఇలా నింపండి:

ఐపీ అడ్రస్: 192.168.10.50
సబ్‌నెట్ మాస్క్: 255.255.255.0
డిఫాల్ట్ గేట్‌వే: ఖాళీ
డీఎన్‌ఎస్ (పేరు చెబితే ఐపీ చెప్పే సర్వర్) రెండు గడులూ: ఖాళీ

192.168.10 అన్నది మా ఉదాహరణ, మీ ల్యాన్ శ్రేణి ఏదైతే అది వేయండి. చివరి అంకె ఇంకెవరూ వాడనిది కావాలి. ముందుగా 'పింగ్ 192.168.10.50' కొట్టి చూడండి (మీ ఈథర్‌నెట్‌కి 169.254 అడ్రస్ ఉంటే ఈ పరీక్ష ఆ ల్యాన్‌లో ఉన్న ఇంకో మెషీన్ నుంచి చేయండి). జవాబు రాలేదని ఖాళీ అనుకోవద్దు, ఫైర్‌వాల్ ఉన్న మెషీన్లు పింగ్‌కి పలకవు. వెంటనే 'ఆర్ప్ -ఏ' కొట్టండి. ఆ ఐపీ పక్కన ఒక మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) కనిపిస్తే అక్కడ ఎవరో ఉన్నారు, వేరే అంకె చూసుకోండి. ఆపేసి ఉన్న మెషీన్ ఈ పరీక్షకి దొరకదు కాబట్టి ఆఫీసులో అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు చూడండి.

గేట్‌వే ఖాళీగా వదిలితే ఏదో పోతుందని భయపడి సర్వర్ ఐపీనో వైఫై రూటర్ ఐపీనో అక్కడ పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి. రెండు అడాప్టర్లకీ చేత్తో గేట్‌వే ఇస్తే 'మల్టిపుల్ డిఫాల్ట్ గేట్‌వేస్' అంటూ విండోసే హెచ్చరిస్తుంది. అప్పుడు 'నో' నొక్కి వెనక్కి రండి.

4. గేట్‌వే తీసే వీలు లేకపోతే మెట్రిక్ మార్చండి. ల్యాన్‌లో ఐపీ రూటర్ నుంచి దానంతటదే వస్తున్నా, లేదా కేబుల్‌లో కూడా నెమ్మదైన ఇంటర్నెట్ ఉండి వైఫై పోయినప్పుడు అది ఆదుకోవాలని మీరు అనుకున్నా 3వ స్టెప్పు వదిలి ఇది చేయండి. అదే వెర్షన్ 4 విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కితే అడుగున 'ఆటోమేటిక్ మెట్రిక్' అని ఉంటుంది. టిక్ తీసి 'ఇంటర్‌ఫేస్ మెట్రిక్' గడిలో 200 వేయండి. వైఫైని కదపకండి, ఆటోమేటిక్‌గా దానికి వచ్చే అంకె 200 కంటే బాగా తక్కువే ఉంటుంది.

తర్వాత 'ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 6' తెరిచి అందులోనూ అడ్వాన్స్‌డ్‌లో 200 వేయండి. ఈ రెండింటి మెట్రిక్కులు వేర్వేరు. కేబుల్ వైపు రూటర్ వెర్షన్ 6 అడ్రసులు (ఐపీవీ6) కూడా ఇస్తుంటే, వెర్షన్ 4లో మాత్రమే మార్చినవాళ్లకి కొన్ని సైట్లు వైఫైలోనూ కొన్ని కేబుల్‌లోనూ వెళ్తూ తలనొప్పి తెస్తాయి.

5. వైఫైకి కనెక్ట్ అవ్వండి. ఇక్కడ చేత్తో ఏ అంకే ఇవ్వకండి, ఐపీ, డీఎన్‌ఎస్ రెండూ ఆటోమేటిక్‌లోనే ఉండాలి. కేబుల్ పెట్టి ఉండగా విండోస్ తనంతట తాను వైఫైకి కనెక్ట్ కాకపోవచ్చు. ఈథర్‌నెట్‌లో ఇంటర్నెట్ ఉంటే ఇంకో కనెక్షన్ ఎందుకన్నది దాని లెక్క. చేత్తో ఎంచుకుంటే కనెక్ట్ అవుతుంది. ప్రతిసారీ చేత్తో నొక్కడం విసుగైతే, ప్రో ఎడిషన్‌లో 'జీపీఎడిట్.ఎంఎస్‌సీ' తెరిచి కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, విండోస్ కనెక్షన్ మేనేజర్ వరకు వెళ్లండి. 'మినిమైజ్ ద నంబర్ ఆఫ్ సైమల్టేనియస్ కనెక్షన్స్' తో మొదలయ్యే పాలసీని ఎనేబుల్ చేసి, కింది జాబితాలో 0 ఎంచుకోండి. హోమ్ ఎడిషన్‌లో ఈ విండో ఉండదు.

కేబుల్ పెట్టిన మరుక్షణం వైఫై పూర్తిగా ఆరిపోతుంటే అది విండోస్ పని కాదు. ఆఫీసుల కోసం తయారైన ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లోనే (విండోస్ మొదలవకముందు తెరిచే సెటప్ స్క్రీన్) 'ల్యాన్/డబ్ల్యూల్యాన్ స్విచింగ్' లేదా 'వైర్‌లెస్ రేడియో కంట్రోల్' లాంటి పేరుతో ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆపాలి. కొన్ని వైఫై కార్డుల్లో అదే పని డివైస్ మేనేజర్‌లో, కార్డు ప్రాపర్టీస్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 'డిజేబుల్ అపాన్ వైర్డ్ కనెక్ట్' అని దొరుకుతుంది.

6. సర్వర్ వేరే శ్రేణిలో ఉంటేనే ఈ స్టెప్పు. మీ కేబుల్ 192.168.10 శ్రేణిలో ఉండి, హెడ్డాఫీసు సర్వర్లు 10.20 శ్రేణిలో ఒక రూటర్ దాటాక ఉన్నాయనుకోండి. కేబుల్ వైపు గేట్‌వే లేదు కాబట్టి వాటికి దారి విడిగా చెప్పాలి. కమాండ్ ప్రాంప్ట్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' తో తెరిచి:

రూట్ -పీ యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 192.168.10.1

చివర ఉన్నది కేబుల్ వైపు రూటర్ అడ్రస్. '-పీ' మరిచిపోతే కంప్యూటర్ రీస్టార్ట్ కాగానే ఈ దారి మాయమవుతుంది. "నిన్న పనిచేసింది, ఇవాళ లేదు" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ ఒక్క అక్షరమే. మాస్క్ తప్పని ఎర్రర్ వస్తే మొదటి అడ్రస్‌ని చూడండి. 255.255.0.0 మాస్క్‌కి చివరి రెండు అంకెలూ సున్నాలే ఉండాలి, 10.20.5.0 అని రాస్తే ఒప్పుకోదు.

7. సర్వర్ పేరుతో తెరుచుకోకపోతే ఐపీతో ప్రయత్నించండి. ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే దారి బాగానే ఉంది, పేరు చెప్పేవాళ్లే లేరు. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లోని 'హోస్ట్స్' ఫైల్ తెరవండి ('ఆల్ ఫైల్స్' ఎంచుకుంటేనే కనిపిస్తుంది). చివరి లైనులో సర్వర్ ఐపీ, ఒక ఖాళీ, సర్వర్ పేరు రాసి సేవ్ చేయండి. ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ తగులుకుంటే విండోస్ దాన్ని అసలు చదవదు.

పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

బ్రౌజర్ తెరుచుకుంది, సర్వర్ తెరుచుకుంది అని సరిపెట్టుకోకండి. ముందు 'రూట్ ప్రింట్ -4' కొట్టండి. నెట్‌వర్క్ డెస్టినేషన్ 0.0.0.0 అని ఉన్న లైన్లే బయటి దారులు. 3వ స్టెప్పు చేసినవారికి ఒక్క లైనే ఉండాలి, అందులో వైఫై గేట్‌వే ఉండాలి. మెట్రిక్ పద్ధతి వాడినవారికి రెండు ఉంటాయి, వైఫై దాని చివరి అంకె చిన్నదై ఉండాలి. కింద లైన్లలో 281 లాంటి పెద్ద అంకెలు చూసి గాభరా పడక్కర్లేదు. నేరుగా అందే నెట్‌వర్క్‌లకి విండోస్ 256 కలిపి చూపిస్తుంది, అంతే.

తర్వాత ట్రేస్ పరీక్ష. ట్రేస్ అన్న మాటకి ఆర్, టీ అక్షరాలు అతికించి, ఒక ఖాళీ తర్వాత '-డీ 8.8.8.8' కొట్టండి. మొదటి లైనులో వైఫై రూటర్ ఐపీ రావాలి. అదే కమాండ్ సర్వర్ ఐపీతో కొడితే ఒక్క లైనులోనే చేరిపోవాలి (6వ స్టెప్పు చేసినవారికి మొదట కేబుల్ వైపు రూటర్ కనిపిస్తుంది).

చివరిది కళ్లతో చూసే పరీక్ష. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ఒక వీడియో పెట్టండి, అదే సమయంలో సర్వర్ నుంచి ఒక పెద్ద ఫైల్ కాపీ చేయండి. వీడియోకి వైఫై గ్రాఫ్, కాపీకి ఈథర్‌నెట్ గ్రాఫ్ లేవాలి. కేబుల్ పీకితే కాపీ ఆగి వీడియో నడవాలి. ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి, రీస్టార్ట్ తర్వాత నిలవని సెట్టింగ్ చేయనట్టే లెక్క.

తరచూ వచ్చే ఇబ్బందులు

ఈథర్‌నెట్ దగ్గర 'నో ఇంటర్నెట్', 'అన్ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్' అని ఉంది. గేట్‌వే తీసేశాం కాబట్టి అలాగే ఉంటుంది, తప్పు కాదు. దీనితో ఒక చిక్కు మాత్రం ఉంది: ఇలాంటి నెట్‌వర్క్‌ని విండోస్ 'పబ్లిక్' గా లెక్కేసి ఫైర్‌వాల్ బిగిస్తుంది. మీరు సర్వర్‌కి వెళ్లగలరు గానీ, మీ మెషీన్‌లో షేర్ చేసిన ఫోల్డర్, ప్రింటర్ మిగతావాళ్లకి అందవు. ప్రో ఎడిషన్‌లో 'సెక్‌పోల్.ఎంఎస్‌సీ' తెరిచి నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్‌లో 'అన్ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్' ని ప్రైవేట్ చేయండి. బయట రకరకాల నెట్‌వర్క్‌లకి తిప్పే ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ మార్పు వద్దు, అక్కడ 4వ స్టెప్పు పద్ధతే మేలు.

ఏమీ మార్చకుండానే ఒక మెషీన్‌లో ఇంటర్నెట్ వస్తోంది, పక్క మెషీన్‌లో రావట్లేదు. కేబుల్ స్పీడు చూడండి. ఆటోమేటిక్ మెట్రిక్ లింక్ స్పీడుని బట్టి మారుతుంది: 1 జీబీపీఎస్ కేబుల్‌కి 25, 100 ఎంబీపీఎస్ కేబుల్‌కి 35. 500 ఎంబీపీఎస్ దాటి పట్టిన వైఫైకి 30. అంటే 100లో నడుస్తున్న కేబుల్ మీద మంచి వైఫై గెలుస్తుంది, గిగాబిట్ కేబుల్ మీద ఓడుతుంది. వైఫై సిగ్నల్ తగ్గితే దాని అంకె మళ్లీ పెరుగుతుంది. అదృష్టం కొద్దీ పనిచేస్తున్న మెషీన్‌ని కూడా సెట్ చేసేయండి. ఇదే సందర్భంలో ఇంకో మాట: స్విచ్ గిగాబిట్‌ది అయి ఉండి 100 చూపిస్తుంటే క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగింపు) చూడండి. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి.

వీపీఎన్ (మన ట్రాఫిక్‌ని ఇంకో సర్వర్ మీదుగా పంపే సాఫ్ట్‌వేర్) ఆన్ చేస్తే అన్నీ తారుమారవుతున్నాయి. చాలా వీపీఎన్‌లు బయటి దారిని తమవైపు లాక్కుంటాయి, కొన్ని లోకల్ ల్యాన్‌ని కూడా మూసేస్తాయి. అది ఆపి పరీక్షించండి. 'లోకల్ ల్యాన్ యాక్సెస్' అనే ఆప్షన్ ఉంటే టిక్ పెట్టండి.

రెండు ఐకాన్లు సెలెక్ట్ చేసి 'బ్రిడ్జ్ కనెక్షన్స్' నొక్కమని ఎవరో చెప్పారు. వద్దు. అది రెండు నెట్‌వర్క్‌లనీ కలిపేస్తుంది. వైఫైలో ఉన్న ప్రతి ఫోనూ మీ సర్వర్ దాకా రావడానికి దారి తెరుచుకుంటుంది. ఇప్పటికే నొక్కి ఉంటే బ్రిడ్జ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ చేయండి.

కేబుల్ ఇంటర్నెట్ 50, వైఫై ఇంటర్నెట్ 50 కలిపితే 100 వస్తుందా? ఈ పద్ధతిలో రాదు. ఒక డౌన్‌లోడ్ ఒక దారిలోనే వెళ్తుంది. రెండు ఇంటర్నెట్ లైన్లని పంచుకోవాలంటే రెండు వ్యాన్ పోర్టులు (ఇంటర్నెట్ లైను పెట్టే పోర్టులు) ఉన్న లోడ్ బ్యాలెన్సింగ్ రూటర్ తీసుకోండి. అందులోనూ ఒకే డౌన్‌లోడ్ రెట్టింపవదు, పదిమంది పని రెండు లైన్లకీ సర్దుకుంటుంది. ఒకే డౌన్‌లోడ్ రెండు దారుల్లోనూ వెళ్లాలంటే అవతలి చివర వాటిని తిరిగి కలిపే సర్వర్ ఉండాలి. బాండింగ్ వీపీఎన్ సేవలు నెలకింత అని తీసుకునేది దానికే.

ఉబుంటు వాడేవారు వైర్డ్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 ట్యాబ్ అడుగున 'యూజ్ దిస్ కనెక్షన్ ఓన్లీ ఫర్ రిసోర్సెస్ ఆన్ ఇట్స్ నెట్‌వర్క్' కి టిక్ పెడితే చాలు. మనం ఇంతసేపూ చేసిన పని అక్కడ ఒక్క టిక్. మ్యాక్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ మెనూలోని 'సెట్ సర్వీస్ ఆర్డర్' లో వైఫైని ఈథర్‌నెట్ పైకి లాగండి.

పాత స్థితికి రావాలంటే: ఈథర్‌నెట్ వెర్షన్ 4లో మొదటి స్టెప్పులో రాసుకున్న అంకెలు వేయండి, లేదా ముందు అది ఆటోమేటిక్‌లో ఉండి ఉంటే 'అబ్టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ' పెట్టండి. అడ్వాన్స్‌డ్‌లో 'ఆటోమేటిక్ మెట్రిక్' టిక్ వెర్షన్ 4, 6 రెండింటిలోనూ తిరిగి పెట్టండి. 6వ స్టెప్పులో దారి ఇచ్చి ఉంటే 'రూట్ డిలీట్ 10.20.0.0' కొట్టండి. హోస్ట్స్ ఫైల్‌లో రాసిన లైను కూడా తీసేయండి. రేపు సర్వర్ ఐపీ మారితే ఆ లైను వల్లే అది దొరకదు, అప్పటికి అక్కడ రాసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.